తుపాకీ పేలితే స్తోత్రం

చంద్రగిరి దగ్గర మా రైఫిల్ క్లబ్బుకు కోశాధికారిగా ఉండిన పెద్దాయన మా ప్రార్థన మందిరంలోనూ సంఘపెద్దే. తుపాకీ ముట్టి ఎరుగడు. బయట ఎవరు కాల్చినా, ఆఫీసు గదిలో ఉలిక్కిపడి "స్తోత్రం" అనేవాడు.

కుర్రాళ్లు నవ్వేవాళ్లు. "ఇంగొకటి కాలుస్తాం, ఇంగో స్తోత్రం చెప్పు పెద్దాయనా!"

సభ్యులకు అమ్మిన తూటాల మీద మేము జీఎస్‌టీ వసూలు చేశాం. లాభం చూసుకోని క్లబ్బు గనుక అది ప్రభుత్వానికి కట్టనక్కర్లేదని నమ్మి, మందిరంలో కానుకలు పోగేసినట్టు పోగేసి, కాల్పుల రేంజికి అడ్డుగోడ కట్టించాం. తర్వాత పన్నుల శాఖ నుంచి నోటీసు వచ్చింది.

పన్నుల అధికారి వచ్చే పొద్దున క్లబ్బు అధ్యక్షుడు, నేను పక్కనుండగానే, పెద్దాయన చెవిలో అన్నాడు. "వసూలే చెయ్యలేదని చెప్పప్పా. నిజం చెప్తే సంతకం పెట్టినోడివి, నువ్వే లోపలికి పోతావు."

కార్యదర్శిగా నేనూ సంతకాలు పెట్టినవాణ్ణే. నేనూ లోపలికి పోతానేమోనన్న భయంతో ప్రార్థన మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాను. పెద్దాయన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు.

"నాకూ బయంగానే ఉండాదబ్బా," అన్నాడు నాతో. "కానీ పైనాయన సూస్తా ఉండాడు గదా."

అధికారి కూర్చోగానే అడిగాడు. "పన్ను వసూలు చేశారా?"

"చేసినాం సార్. కట్టలేదు. తెలీక దాంతో గోడ కట్టించినాం."

అప్పుడే బయట తుపాకీ పేలింది. ఆయన కదల్లేదు. ఉలిక్కిపడి "స్తోత్రం" అన్నది నేను.