ఎలాగూ వెళ్తున్నావు కదా!

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఊరందరికీ నేనంటే ప్రాణమనుకునేదాన్ని. పొద్దున్నే గుమ్మం దిగేసరికి నలుగురైదుగురు నవ్వుతూ ఎదురొచ్చేవారు. ఆ ప్రేమంతా సంచుల్లో ఉందని తెలియడానికి వారం పట్టింది. మాది ముమ్మిడివరం అవతల కాలవగట్టు మీద మూడొందల చిల్లర జనమున్న ఊరు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం మళ్ళీ అదే బస్సు. నేను అమలాపురంలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేదాన్ని. "ఎలాగూ ఎల్తన్నావు కదమ్మా" అంటూ పెద్దత్త రిపేరుకని మిక్సీ జారు ఇచ్చేది. పాస్టరమ్మగారు జాకెట్టుకి లైనింగు తెమ్మనేవారు. ఎదురింటి మావయ్య విరిగిన కళ్ళజోడు చేతిలో పెట్టేవాడు. (ఒకసారి మూత సరిగ్గా పెట్టని పరీక్ష సీసా కూడా. అది నా ఉద్యోగధర్మం, ఏమీ అనలేం.) కాదనడం నాకు చేతకాదు. మంచిపిల్లననే పేరొకటి వచ్చింది మరి, దాన్ని మోయాలిగా!

ఒక సాయంత్రం కండక్టరుగారు చల్లగా చెప్పేరు. "మీ స్టాపులో మీరొక్కరే ఎక్కుతున్నారండీ. రేపట్నించి మూడ్రోజులు డిపో మనిషొచ్చి లెక్క రాస్తాడు. సగటున రోజుకి పదిమందైనా లేకపోతే బస్సు ఇంక మెయిన్ రోడ్డు మీంచే ఎల్లిపోద్దండి." మెయిన్ రోడ్డు మాకు నాలుగు కిలోమీటర్లు. ఇంట్లో చెబితే నాన్న అక్కడికక్కడే తీర్పిచ్చేశారు. "బస్సు లేకపోతే ఉద్యోగమూ లేదు. గట్టు మీద పొద్దుపోయాక ఒక్కదానివే నడిచొస్తానంటే కుదరదు." ఆ రాత్రే ఇంటింటికీ తిరిగి బతిమాలాను. "ఆయ్! బస్సు పోతే ఎలాగమ్మా! రేప్పొద్దున్న స్టాపు నిండిపోద్ది చూడు" అన్నారందరూ.

మాట తప్పలేదు, నిజంగానే స్టాపు నిండింది. బస్సొచ్చి ఆగింది. నా కళ్ళు చెమర్చే లోపలే ఒక్కొక్కరూ సంచి నా చేతిలో పెట్టి పక్కకి తప్పుకున్నారు. "నువ్వెలాగూ ఎల్తన్నావు కదా, ఇంకోళ్ళెందుకే దండగ!" అంది పెద్దత్త. ఊరంతా చెయ్యూపి మరీ సాగనంపింది. డిపో మనిషి నన్నూ, తొమ్మిది సంచుల్నీ చూసి, "నా కాయితంలో సంచులకి గడి లేదండీ" అని చాలా మర్యాదగా 'ఒకటి' అని రాసుకున్నాడు. కండక్టరుగారు మాత్రం నవ్వాపుకోలేక, "మీ ఊరికి బస్సెందుకండీ, మీరుండగా! రేపూ ఎల్లుండీ మానేసి చూడండి" అన్నారు.

ల్యాబులో సెలవు చెప్పి, ఇంట్లో జ్వరమని దుప్పటి ముసుగేశాను. పొద్దున్నే వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. "అయ్యో, జొరమా! రెస్టు తీసుకో తల్లీ," అని పెద్దత్త కాసేపు జాలిపడి, "మరి నా జారు షాపులోనే ఉండిపోయిందే!" అంది. కిటికీలోంచి చూద్దును కదా, జారు వాళ్ళూ జాకెట్టు వాళ్ళూ వరసగా స్టాపుకి నడుస్తున్నారు! అందరికంటే వెనకాల గొడుగు పుచ్చుకుని నాన్న. ఏడాదిగా అమలాపురం మొహం చూడని మనిషి, నా జ్వరానికి మందు తేవడానికి బయల్దేరారు. (ఆ మాత్రలు దొడ్లో అరటిచెట్టు మొదట్లో వేశాను. దానికి జ్వరం తగ్గిందో లేదో నాకు తెలియదు.) మర్నాడూ అంతే, ఎవరి పని మీద వాళ్ళే వెళ్ళారు. వెళ్ళినవాళ్ళకి బజారూ, టిఫినూ రుచి మరిగాయి.

మూడ్రోజుల సగటు పది దాటి, బస్సు నిలబడింది. ఆ పై రోజు నేనూ అందులో నిలబడ్డాను, సీటు దొరక్క. "ఇన్నాళ్ళూ ఈ జనాన్నెక్కడ దాచేరండీ!" అన్నారు కండక్టరుగారు. ఉద్యోగం దక్కినందుకు ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, నాకెందుకో వెలితిగా ఉంది. ఒక చెయ్యి పైకమ్మీని పట్టుకుంది, రెండోదానికి పనేం లేదు. బొమ్మలా ఎంతసేపని నిలబడతాను? చివరికి ఉండబట్టలేక వంగి, "అత్తా, ఆ సంచి ఇలా ఇయ్యి, నేను పట్టుకుంటాలే" అన్నాను.

పెద్దత్త సంచిని గుండెలకి హత్తుకుని, "వద్దులే తల్లీ, నిన్నే కదా జొరం తగ్గింది" అంది. అమలాపురం వచ్చేదాకా ఖాళీ చెయ్యి ఊపుకుంటూ నిలబడిన ఆ పిచ్చిపిల్ల తలపుకొస్తే, ఇప్పటికీ నవ్వొస్తుంది నాకు.