వసారా గోడకు వేలాడిన వల

నా చిన్నప్పుడు మా వసారా గోడకు ఒక విసురు వల వేలాడుతూ ఉండేది. మాది తోటపల్లి గూడూరు దగ్గర వరి పండించే ఇల్లు. చేపలు కొనుక్కుని తినేవాళ్ళమే గాని పట్టేవాళ్ళం కాదు. సముద్రపు గాలి తగిలినప్పుడల్లా ఆ వల అంచుకున్న సీసపు గుళ్ళు గోడకు కొట్టుకుని టకటకమనేవి. అది అక్కడ ఎందుకుందో నేనెప్పుడూ అడగలేదు. ఇంట్లో ఉన్నవన్నీ మనవే అనుకునే వయసు నాది.

ఆరో తరగతిలో మాకు ఇంగ్లీషు మొదలైంది. అయ్యవారేమో కోవూరుకు బదిలీ అయి వెళ్ళిపోయాడు. మొదటి పరీక్షలో నాకు వచ్చిన మార్కులు చూసి మా తాతయ్యకు తల కొట్టేసినట్టయింది. నడిచి రాగలిగిన దూరంలో పది పాసైన మనిషి ఒక్కతే ఉంది. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాళెంలో ఒక అక్క. పంట ఇంటికొచ్చాక ఒక బస్తా వడ్లు ఇస్తానని మాట్లాడి తాతయ్య ఆమెను పిలిపించాడు. కాని వసారా దాటి లోపలికి రానివ్వలేదు. సరిగ్గా ఆ వల కిందే చాప వేయించాడు.

అక్కకు నేనంటే ఇష్టం లేదని మొదటి రోజే తెలిసిపోయింది. నవ్వేది కాదు. మంచినీళ్ళిస్తే వద్దనేది. తల మీద వేలాడే వల వైపు ఒక్కసారి కూడా చూసేది కాదు. నాకూ ఆమె నచ్చలేదు. ఆమె దగ్గర చేపల వాసన వస్తోందని ఒకరోజు కావాలనే ముక్కు మూసుకున్నాను.

"మూసుకో. అప్పుడన్నా నోరు తెరుస్తావు. తెరిచిన నోటితో పాఠం అప్పజెప్పు" అంది.

అప్పటికి నాకొచ్చిన ఇంగ్లీషు మాట దాదాపు ఒక్కటే, 'గాట్'. పెన్ను గాట్, జ్వరం గాట్, మామిడికాయ గాట్. నా నోటు పుస్తకం చూసి అక్క దాన్ని చాప మీదికి విసిరేసింది.

"ఏంది మే ఇది? జొరం, మామిడికాయ ఒకే దోవన వచ్చినాయా మీ ఇంటికి? ఈ మాట గోనె సంచి. ఏదేసినా పడద్ది. లోపల ఏముండాదో బయటికి కనపడదు."

ఆ రోజు నుంచి ఆ మాట వాడకూడదన్నది. డబ్బిచ్చి తెచ్చుకుంటే 'బాట్' అనాలి. కష్టపడి సంపాదిస్తే 'ఎర్న్‌డ్', ఎవరైనా ఇస్తే పుచ్చుకున్నది 'రిసీవ్‌డ్', తిరిగిస్తానని తెచ్చుకుంటే 'బారోడ్'. ఎవరో పారేసుకున్నది మన కంటబడితే 'ఫౌండ్'. అలాంటిది వాళ్ళను వెతికి ఇచ్చేయాలని కూడా చెప్పింది. బలవంతాన లాక్కున్నదానికీ ఒక మాట చెప్పింది, 'సీజ్‌డ్'. పేజీ మధ్యలో గీత గీసి, ఒక పక్క వసారాలోంచి కనిపించే వస్తువుల పేర్లు, రెండో పక్క అవి మాకు ఎలా వచ్చాయో పెద్దవాళ్ళను అడిగి రాసుకు రమ్మంది.

ఆ సాయంత్రం తాతయ్య చుట్టూ తిరిగాను. పడక కుర్చీ నెల్లూరులో కొన్నది. గోడ గడియారం నాయనమ్మ పుట్టింటివాళ్ళు ఇచ్చింది. వడ్ల బస్తాలు కష్టపడి సంపాదించుకున్నవని మీసం సర్దుకుంటూ చెప్పాడు. గొడ్డలి పక్కింటివాళ్ళది, అడిగి తెచ్చి ఏడాదైంది. వల సంగతి అడిగితే మాత్రం పేపర్లోంచి తల ఎత్తలేదు. "దొరికింది. రాసుకో" అన్నాడు.

మర్నాడు నేను చదివింది అక్క విన్నది. వల దగ్గరికొచ్చేసరికి ఆపింది.

"తెలుగులో చెప్పు. గట్టిగా."

"మాకు వల దొరికింది."

"దొరికింది ఏం చేయాలని చెప్పినా?"

"పోగొట్టుకున్నవాళ్ళకి ఇచ్చేయాలి."

లోపల పడక కుర్చీ కిర్రుమంది. తాతయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంది మే, పిల్లకి చదువు చెప్పను వచ్చినావా, మీ నాయన వల కోసం వచ్చినావా?"

"చదువు చెప్పనే వచ్చినా పెద్దాయనా. అక్కడ ఏ మాట రాయాల్నో మీరే చెప్పండి. పిల్ల దిద్దుకుంటది."

"మీ నాయన నా గట్టు తొక్కినాడు. నారు తొక్కినాడు. చేతిలో ఉండేది పెరుక్కున్నా. అయితే ఏంది?"

అక్క నా వైపు తిరిగింది. "ఇనబడిందా? పెరుక్కున్నారంట. అది కొట్టేసి సరైన మాట రాసుకో."

"రేపటి నించీ నా గడప తొక్కబాక!"

"లోపలికి రానిస్తే గదా తొక్కేదానికి" అని ఆమె లేచి వెళ్ళిపోయింది.

మిగతాది నాయనమ్మ చెప్పింది. మూడేళ్ళ క్రితం వానల్లో, పడవలు సముద్రంలోకి పోలేని రోజుల్లో, అక్క వాళ్ళ నాయన కొరమీనుల కోసం కాలవ వెంబడి మా చేల దాకా వచ్చాడట. తాతయ్య ఆ వల లాక్కుని, వచ్చేపోయేవాళ్ళకు కనపడేలా తగిలించాడట. ఆ మనిషి చేత్తో అల్లుకున్న వల అది. ఇంకోటి అల్లుకోను నూలుకీ సీసానికీ డబ్బుల్లేక, అప్పటి నుంచీ వానాకాలమంతా ఆ ఇంట్లో పస్తులేనట. మళ్ళీ వానలు మొదలవుతున్నాయి.

మరుసటి మధ్యాహ్నం తాతయ్య నిద్రపోతుండగా వల దించి నెత్తిన పెట్టుకున్నాను. సీసపు గుళ్ళ బరువుకు మెడ వంగిపోయింది. అక్క మెచ్చుకుంటుందని దారంతా అనుకుంటూ పోయాను.

వాళ్ళ నాయన ఎవరిదో వల బాగుచేస్తూ కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. తన వల ముడుల మీద వేళ్ళు పోనిచ్చి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"ఎవురు పంపినారు పాపా?"

"నేనే తెచ్చినా. తాతయ్యకి తెలీదు."

అక్క గుడిసెలోంచి విసురుగా వచ్చింది. "తెలీకుండా తెచ్చినావా? మేం పుచ్చుకుంటే రేపు ఊళ్ళో మమ్మల్ని ఏమంటారు? దొంగలంటారు. తీసకపో! పెరుక్కున్నోడు వచ్చి ఇస్తే పుచ్చుకుంటాం."

ఏడుస్తూ మోసుకొచ్చాను. తాతయ్య గుమ్మంలోనే ఉన్నాడు. అంతా విని, వల నా నెత్తి మీంచి లాగి వీధిలోకి విసిరేశాడు. "కావాల్సినోడు వచ్చి ఎత్తుకపోతాడు" అన్నాడు.

ఎవరూ ఎత్తుకుపోలేదు. పాళెం ఆడవాళ్ళు గంపలతో ఆ దారినే పోతూ, వల తొక్కకుండా పక్కకు జరిగి నడిచారు. అక్క వాళ్ళ నాయన కూడా రెండుసార్లు అలాగే పోయాడు. వాన పడింది. మూడో రోజు ఎదురింటాయన అరుగు మీంచి, "ఏం పెద్దాయనా, వీధిలో చేపలు పడతా ఉండారా?" అని అరిచాడు. వీధి వీధంతా నవ్వింది.

నాలుగో రోజు తాతయ్య తువ్వాలు భుజాన వేసుకుని, బురదలోంచి వల ఎత్తుకుని నడిచాడు. నేను వెనకాలే పోయాను. పాళెంలో అక్క వాళ్ళ నాయన ముందు చేతులు చాచి, "ఇదిగో నీ వల. నా గట్టు తొక్కితే మళ్ళీ పెరుక్కుంటా" అన్నాడు.

ఆయన రెండు చేతులా అందుకున్నాడు. "పక్కన నడస్తాలే" అన్నాడు. తప్పయిందని ఒకరనలేదు, సంతోషమని ఇంకొకరనలేదు. గుడిసె ముందు నిలబడ్డ అక్క అప్పుడూ నవ్వలేదు. తర్వాతెప్పుడూ మా ఇంటికి రాలేదు. పంట వచ్చాక తాతయ్య పంపిన వడ్ల బస్తా మాత్రం దింపించుకుందని విన్నాను. అది ఆమె సంపాదించుకున్నది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఇల్లరికపు పెళ్ళి కావడంతో ఆ ఇంట్లోనే ఉండిపోయాను. మా చేలు చాలావరకు రొయ్యల గుంటలయ్యాయి. మొన్న మా మనవరాలు ఇంగ్లీషు పుస్తకం తెచ్చి చూపించింది. వరసగా 'గాట్'లే. పేజీ మధ్యలో గీత గీయించి, మనకున్నవన్నీ రాయమన్నాను. చకచకా రాసుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"నాయనమ్మా, కాలవ పక్క గుంట మనకెట్టా వచ్చింది?"

అది పాళెంవాళ్ళు తరతరాలుగా వలలు ఆరేసుకున్న మిట్ట. ఒక వేసవిలో మా అబ్బాయి చుట్టూ కంచె నాటి తవ్వించాడు. వాళ్ళు వచ్చి అడిగితే కసిరి పంపాడు. నేను ఇంట్లోనే ఉండి విన్నాను, ఏమీ అనలేదు.

మనవరాలికి జవాబుగా నా నోటి దాకా వచ్చిన మాట 'దొరికింది'. దాన్ని మింగేసి, 'లాక్కున్నాం' అని రాయమన్నాను. పిల్ల రాసుకుంది. దాన్ని వాళ్ళ నాన్నకు చదివి వినిపించింది కూడా. ఆ సాయంత్రం నుంచీ మా అబ్బాయి నాతో మాట్లాడటం లేదు.