ఖాదరన్న నిలువు వరసలు

కరెంటు పోయి మళ్ళీ వచ్చినప్పుడు మా ఆత్మకూరు గదిలో యంత్రాల ఫ్యాన్లన్నీ ఒక్కపెట్టున తిరుగుతాయి. లోపల పేరుకున్న దుమ్ము వేడెక్కి ఒక వాసన వస్తుంది. ఖాళీ పెనాన్ని పొయ్యి మీద మరిచిపోతే వచ్చే వాసన. అది ముక్కుకు తగలగానే నాకు ఉదయగిరి గది గుర్తొస్తుంది, ఆ వెనకే నా తెలివితక్కువతనం గుర్తొస్తుంది. రెండూ ఒకేచోట పరిచయమయ్యాయి కాబట్టి విడదీయడం కష్టం. ఖాళీ జాగాలో తప్పు జరగదని ఆ రోజుల్లో నా నమ్మకం. రాసిన చోట తప్పుంటుంది, రాయని చోట ఏముంటుంది? నేను ఖాళీగా కూర్చుని కూడా తప్పులు చేయగల మనిషినని అప్పటికింకా నాకు తెలియదు. తెలియజెప్పినవాడు ఖాదరన్న.

ఉదయగిరిలో ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే ఒక చిన్న కంపెనీలో ఆయన కంట్రోల్ రూము చూసేవాడు. కొండ కింది వీధిలో మేడ మీద గది. మధ్యాహ్నం దాటగానే కొండ నీడ కిటికీలోకి వచ్చి కూర్చునేది. మాతోపాటు ఆ గదిలో కూర్చునేది అదొక్కటే. స్తంభాల మీదుగా ఊరూరికీ తీగ వెళ్తుంది, ఊరికొక పెట్టె ఉంటుంది. ఏ పెట్టెదాకా సిగ్నలు చేరుతోంది, ఎక్కడ తెగింది అన్నది తెలియాలంటే నల్లటి తెర మీద ఒక ఆజ్ఞ టైపు చేయాలి. ఊళ్ళ పేర్లూ వాటి ఎదురుగా అంకెలూ బిలబిలమంటూ వస్తాయి. చివర బతికున్న ఊరికి చుక్క, పోయిన ఊరికి ఇంటూ మార్కు. బొమ్మల్లేవు, రంగుల్లేవు. నేను చేజర్ల పక్క పల్లె నుంచి డిప్లొమా పట్టుకుని అక్కడ చేరాను. తెర మీదికి అలా వచ్చినదాన్ని నిలువు వరసల్లో తీర్చి చూపించే ప్రోగ్రాము రాయడం నాకిచ్చిన మొదటి పని.

రాశాను. ఊరి పేరు, ఒక ఖాళీ, అంకె, ఒక ఖాళీ, ఇంకో అంకె. చూపించాను. ఖాదరన్న తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, తల మెల్లగా కిందికి దించుతూ చూశాడు.

"ఏందిరా ఇది, చంటిపిల్లోడు కక్కినట్టుండాది?"

"అన్నీ వచ్చినాయి కదన్నా."

"వచ్చినాయి. పెండ్లికి వచ్చినోళ్ళని పంక్తిలో కూచోబెట్టాల్నా, ఆకులు చేతికిచ్చి పొమ్మనాల్నా?"

కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. ఊళ్ళన్నిటికీ ఒకే వెడల్పు గది కట్టాను. అంకెలను వాటి గదుల్లో ఎడమ గోడకు ఆనించాను. నూట ఇరవైలోని ఒకటి కింద తొమ్మిది వెళ్ళి నిలబడింది. ఆయన మళ్ళీ వంగి చూసి, కుర్చీలోంచి లేచి నన్ను కూడా లేపాడు. గోడవైపు తిరిగి ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం.

"నమాజులో సఫ్ కడతాం, తెల్సా? వరస. అందరూ ఒకే గీత మీద నిలబడాల. గీత చక్కగా రావాలంటే ఏం చూసుకోవాల?"

"కాలివేళ్ళు."

"నీ పాదం చూడు, నా పాదం చూడు. ఒక్కోరిది ఒక్కో పొడుగు. వేళ్ళు కలిపితే భుజాలు వంకరపోతాయి. మడమలు కలపాల. అంకెలకు మడమ కుడిపక్కనుంటాది. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు. పేర్లకు ఎడమపక్క. నువ్వు అందరికీ ఒకే పక్క చెప్పులు తొడిగినావు."

బళ్ళో కూడికలు నేర్చుకున్న ప్రతివాడికీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు. కంప్యూటర్ చదువు చదివాక కూడికలు మరిచిపోవచ్చనుకున్నాను, అంతే. ఆ వారమంతా ఆయన నోట వచ్చిన మాట ఒక్కటే: "జరుపు." ఒక ఖాళీ అటు జరుపు, రెండు ఖాళీలు ఇటు జరుపు, రెండు వరసల మధ్య గాలి ఆడాల, జరుపు. బాగుందని ఆయన ఎప్పుడూ అనలేదు. జరపమనడం ఆగిపోయిందంటే బాగుందని అర్థం. అది నేనే చేసుకున్న అనువాదం.

ఒకరోజు విసుగొచ్చి అడిగేశాను. "ఒక్క ఖాళీ తేడా ఉంటే ఏమైందన్నా? చదువుకుంటే అర్థమవదా?"

ఆయన కోప్పడలేదు. బల్ల మీదున్న పాత క్యాలెండరు కాగితం చించి సన్నగా గొట్టంలాగా చుట్టి నా కంటికి పెట్టాడు. రెండో కన్ను మూయమన్నాడు. "ఇప్పుడు చెప్పు, ఏ ఊరు పోయినాది?"

గొట్టంలోంచి ఒకటో రెండో అక్షరాలు కనపడ్డాయి. ఒక ఊరి పేరు పట్టుకుని కుడివైపు పాకుతూ పోయేసరికి ఏ వరసలో ఉన్నానో పోగొట్టుకున్నాను. వెనక్కి వచ్చేసరికి ఊరూ పోయింది.

"అట్ట కాదు. చివరి వరస మీద పెట్టి, తల పక్కకు కదపకుండా నిలువునా దిగు."

దిగాను. చుక్క, చుక్క, చుక్క, ఇంటూ. అక్కడ ఆగి ఎడమకు పోతే వరికుంటపాడు.

"నాకు అంతే కనపడతాదిరా," అన్నాడు. "పక్కలన్నీ ఎప్పుడో మూసకపోయినాయి. నెల్లూరు డాక్టరు మిగిలింది కూడా ఇంకా సన్నబడతాదన్నాడు. ఓనరుకు సగం తెల్సు. వరస తప్పకుంటే ఈ కుర్చీలో ఇంకొన్నాళ్ళు కూచోగలను. వరస తప్పితే ఇంటికాడ గోడకేసి చూస్తా కూచోవాల. ఆ గోడ ఎట్టుంటాదో నాకు బాగా తెల్సు."

ఆయనకు భార్య పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. పక్కింట్లోనే ఉండే చెల్లెలు గిన్నెలో కూడు పెట్టి గడపలో ఉంచి పోయేది. ఆయన మాట్లాడే మనుషులంతా ఫోన్లలోనే ఉండేవాళ్ళు. "అన్నా, నెట్టు పోయినాది" అనేవాళ్ళు. నెట్టు పోకపోతే ఆయనతో ఎవరికీ పనిలేదు. కాగితం గొట్టాన్ని నేను బల్ల మీద పెట్టాను. ఆ తర్వాత జరపమంటే ఎందుకని అడగలేదు.

అడగకపోవడం వేరు, అర్థం కావడం వేరు. కొన్నాళ్ళకు నాలో భాషాభిమానం లేచింది. ఊళ్ళ పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉండటం చూడలేక తెలుగులోకి మార్చాను. మన చేజర్లను మనం మూడక్షరాలుగా చూస్తాం. యంత్రం అలా చూడదు. గుడింతానికొకటి, వత్తుకు రెండు విడిగా లెక్కవేసుకుని ఆరంటుంది. ఆరనుకున్నది కాబట్టి మిగిలిన గదిని తక్కువ ఖాళీలతో నింపుతుంది. ఆ వరసలోని అంకెలూ గుర్తులూ ఎడమకు జరుగుతాయి. ఒక్కో ఊరు ఒక్కో మేరకు జరిగింది. నేను పండగకు ముగ్గు వేసినవాడిలాగా తెలుగును దూరం నుంచి చూసి మురిసిపోయి, ఏదో పని మీద బయటికి పోయాను. ఆ పూటే చేజర్ల తీగ తెగింది. ఖాదరన్న తన సన్నటి చూపుతో చివరి వరస దిగుతూ వచ్చాడు. చేజర్ల ఎదుట ఇంటూ మార్కు ఉండవలసిన చోట ఏమీ లేదు. అది పక్కకు జరిగి ఆయన చూపుకు అవతల నిలబడి ఉంది. ఆయన దాటిపోయాడు. అట్లా చేజర్ల చేజారింది. పింఛను కోసం వేలిముద్ర వేయడానికి వచ్చిన ముసలివాళ్ళు నెట్టు లేక సాయంత్రం దాకా పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చున్నారు.

ఓనరు మేడెక్కి వచ్చాడు. తప్పు నాదని అప్పుడే చెప్పాను, తెర చూపించి మరీ చెప్పాను. ఆయన తెర చూడలేదు, ఖాదరన్న కళ్ళు చూశాడు.

"నిజం చెప్పు ఖాదరూ. కనపడతాదా, లేదా?"

"కనపడతాది సార్. ఉండాల్సిన కాడ ఉంటే కనపడతాది."

ఓనరు వెళ్ళాక నేను తెలుగు తీసేయబోయాను. ఖాదరన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎందుకు తీస్తావు? దాని ఒళ్ళు అంత, అదేం చేస్తాది. చివరికి తీసుకుపొయ్యి నిలబెట్టు. అంకెలన్నీ ముందు, గుర్తు ముందు, పేరు ఆఖర్న. దాని వెనక ఎవురూ లేకపోతే అదెంత పొడుగుంటే ఎవురికేంది?"

అలాగే చేశాను. వరసలు కుదురుకున్నాయి. ఆఖర్న నిలబడినవాడి వెనక ఎవరూ ఉండరన్న మాట ఆయన పని గురించే అన్నాడు. నేను మాత్రం ఆ రాత్రి అద్దెగదికి పోతూ దాన్ని వేరేగా మోసుకుపోయాను.

కుదిరింది ఎంతోకాలం నిలవలేదు. ఓనరు హైదరాబాదు నుంచి కొత్త సాఫ్ట్‌వేరు తెప్పించాడు. గోడంత తెర మీద మ్యాపు, ఊరికొక గుండ్రటి బొట్టు. బాగుంటే ఆకుపచ్చ, పోతే ఎరుపు. చూడటానికి మేడెక్కి వచ్చిన తీగల పనివాళ్ళందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఖాదరన్న దాని ముందు నిలబడి తల అటూ ఇటూ, పైకీ కిందికీ తిప్పుతూ వెతుకుతున్నాడు. చీకటింట్లో అగ్గిపుల్ల గీసి తాళంచెవి వెతికే మనిషిలాగా ఉన్నాడు.

"ఎర్రగా వెలగతా ఉంటే కూడా కనపడదా ఖాదరూ?" అన్నాడు ఓనరు.

"ఏడ వెలుగుతాదో తెలిస్తే కనపడతాది సార్."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా.

పాత నల్లతెర కూడా ఉంచమని నేను ఓనరుతో పోట్లాడాను. పోట్లాట అంటే నా స్థాయిలో పోట్లాట, సార్ సార్ అంటూనే. ఆయన ఒకసారి విన్నాడు, రెండోసారి విసుక్కున్నాడు. మూడోసారి, "ఆయనతోపాటు నువ్వు కూడా ఇంటికాడ కూచుంటావా ఏంది?" అన్నాడు. తలుపు పక్కనే ఉన్న ఖాదరన్న ఆ మాట విన్నాడని నాకు తెలుసు. చూపు సన్నబడినకొద్దీ ఆయన వినికిడి వెడల్పవుతూ వచ్చింది. చెల్లెలి పెళ్ళికని నేను ఊరికి పోయి తిరిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. ఆయనే మానేశాడట. నాతో ఒక్కమాట చెప్పలేదు. ఫోను చేస్తే ఎత్తి, "పని చూసుకోరా" అని పెట్టేసేవాడు. రానురాను ఎత్తడం కూడా మానేశాడు. ఖాళీ జాగాలో తప్పు జరగదనుకున్నవాడికి ఆ కుర్చీ చాలా నేర్పింది.

తర్వాత కంట్రోల్ రూము ఆత్మకూరుకు మారింది. నేనూ మారాను. ఇక్కడ నేనొక్కడినే. మ్యాపు తనంతట తాను వెలుగుతుంది, ఫోన్లు ఏదో మిషను ఎత్తి మాట్లాడుతుంది. పొద్దున గదికి తాళం తీసి సాయంత్రం తాళం వేసేలోపు టీ కొట్టువాడితో మాట్లాడిన రెండు ముక్కలే నా రోజు. అయినా మ్యాపు పక్కన ఒక మూల నల్లతెర పెట్టుకున్నాను. అంకెల మడమలు కలుపుతాను. రెండు వరసల మధ్య గాలి ఆడనిస్తాను. తెలుగును ఆఖర్న నిలబెడతాను. చూసేవాళ్ళెవరూ లేరు. అడిగేవాళ్ళు లేకపోయినా జరుపుతూనే ఉంటాను. ఇంట్లో కంచం పక్కన నీళ్ళ గ్లాసు కూడా రోజూ ఒకేచోట పెడతాను, ఎవరో చీకట్లో వెతుక్కుంటారేమో అన్నట్టు.

ఈమధ్య ఒక ఆదివారం ఉదయగిరి బస్సెక్కాను. ఫోను చేయలేదు. చెప్పకుండా పోయిన మనిషి దగ్గరికి చెప్పి పోవడమెందుకు? ఆయన ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో వీధివైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. గడ్డం తెల్లబడింది. నేను చెప్పులు విడిచి, ఆయన చూపుకు అందనంత పక్కగా అరుగు మీద కూర్చున్నాను. 

"ఎవురది?"

నేను పలకలేదు.

"చెప్పులు విడిచిన చప్పుడు విన్న్యాలే. ఎవురూ?"

తల మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు. నా మోకాలు దొరికింది, అక్కడి నుంచి చొక్కా గుండీల మీదుగా పైకి వచ్చాడు. చాలాసేపు పట్టింది.

"నువ్వా," అన్నాడు. "ఆత్మకూరులో బస్సులుండాయన్నమాట."

"ఎందుకన్నా చెప్పకుండా పోయినావు?"

"చెప్తే నువ్వు ఓనరును కూడా జరపడానికి పోతావని," అన్నాడు. మళ్ళీ ఆయనే, "ఉద్యోగం పోతాది గదరా నీది," అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం వీధిలోకి చూశాం. ఆయన ఎంత చూశాడో నాకు తెలియదు.

"ముఖం సరిగా దొరకలేదురా. కాస్త ఇట్ట జరుగు."

ఎన్నేళ్ళు ఆ మాటకు జరిగానో. ఊళ్ళు జరిపాను, అంకెలు జరిపాను, నా అభిమానాన్ని కూడా ఆఖరుకు జరిపాను.

"జరగను," అన్నాను. "కావాలంటే నువ్వే జరుగన్నా."

"ఓరి నీ..." అని ఏదో అనబోయి ఆగాడు. రెండు చేతులా కుర్చీ పట్టుకుని, కాళ్ళతో నేలను తన్నుతూ, బండల మీద కర్రుమని చప్పుడు చేసుకుంటూ నా వైపు వచ్చాడు. తన మోకాలు నా మోకాలికి తగిలేదాకా వచ్చాడు. నేను ఇంచీ కూడా కదల్లేదు.