శనివారం పాఠాల స్కాలర్‌షిప్

నాగవల్లి కౌలాలంపూర్‌లోని ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పుట్టింది సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు ఎస్టేటులో. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, ఉద్యోగం మానకుండానే ఎమ్మెస్సీలో చేరింది. ఫీజుల కోసం తెలుగువాళ్ల సంఘమొకటి నెలకు వెయ్యి రింగిట్లు స్కాలర్‌షిప్ ఇచ్చేది. అందుకు బదులుగా ఆమె శనివారాలు సంఘం పిల్లలకు లెక్కలు చెప్పాలి.

ఏప్రిల్ చివర్లో ఆన్‌లైన్‌లో టాక్స్ ఫారం నింపుతూ, జీతం రాసి ఆగిపోయింది. స్కాలర్‌షిప్‌కు పన్ను లేదని అందరూ అనేదే. కానీ కిందటేడు తల్లి ఎర్రమ్మకు జ్వరమొచ్చి రెండు శనివారాలు వెళ్లకపోతే సంఘం ఐదు వందలు తగ్గించి ఇచ్చింది. అది గుర్తొచ్చాక కుదురుగా కూర్చోలేకపోయింది. ఫారం మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన.

సంఘం కార్యదర్శి శివలింగాన్ని అడిగింది. దరఖాస్తు ఇంటికి తెచ్చిచ్చి ఆమెను చదువులో పెట్టింది ఆయనే.

"స్కాలర్‌షిప్పంటే స్కాలర్‌షిప్పే లా. నీకేటమ్మా బెంగ?" అన్నాడాయన, అక్కడివాళ్ల అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

"రాకపోతే కోసినారు గదా మావా. అలా కోసేది జీతం కాక ఏటి?"



మర్నాడు సగం రోజు సెలవు పెట్టి టాక్స్ ఆఫీసుకు వెళ్లింది. కౌంటరులో అధికారిణి అంతా విని ఒక్కటే అడిగింది: పాఠం చెప్పకపోయినా ఆ డబ్బు ఇస్తారా అని. తనలాగే ఆ డబ్బు తీసుకుని పాఠాలు చెప్పేవాళ్లు ఇంకో ఐదుగురున్నారు; తను నిజం చెబితే వాళ్ల మీదా పన్ను పడొచ్చు. చివరికి ఇవ్వరని చెప్పింది. అయితే అది పనికిచ్చిన జీతమే, ఆదాయంలో చూపించాలంది అధికారిణి. నాగవల్లి చూపించింది. అదనంగా పడిన కొన్ని వందల పన్నూ కట్టేసింది.

ఆ సంగతి తనే వెళ్లి శివలింగానికి చెప్పింది. ఆయన వారం తర్వాత కమిటీని కూర్చోబెట్టాడు. ఆ డబ్బంతా జీతంగా చూపిస్తూ ఆరుగురికీ సంఘం కాగితాలిచ్చింది. వాళ్లలో అప్పటికే ఫారం పంపేసిన పునిత అనే అమ్మాయి దాన్ని దిద్దించుకుని పన్ను కట్టాల్సి వచ్చింది.

"నువ్వు ఊరుకునుంటే ఎవులికి తెలిసేది అక్కా?" అని అడిగింది పునిత. కోపంగా కూడా అనలేదు.

ఆ శనివారమూ పాఠానికి వెళ్లింది. పక్క గదిలోంచి పునిత గొంతు వినబడుతుంటే, బోర్డు మీద వేస్తున్న లెక్క రెండుసార్లు తప్పింది.