గానుగలో మొదటి చెక్క

బయలుదేరేటప్పుడు నా వెంట ఉన్నవి ఇవి: ఒక ఉష్ణమాపకం, ఒక స్పిరిట్ స్టవ్, రెండు గిన్నెలు, ఒక భూతద్దం, చిన్న త్రాసు, పన్నెండు గుడ్డ సంచులు, నాలుగు చపాతీలు, మామిడికాయ తొక్కు, నోటు పుస్తకం. మనిషిని నేనొక్కణ్ణే.

యుద్ధం వచ్చాక కిరసనాయిలు దొరకడం గగనమైంది. ఊళ్ళలో దీపాలకు మళ్ళీ ఆముదం పోస్తున్నారు. శంషాబాదులో ఒక పిండిమర ఇంజనును కూడా కిరసనాయిలుతో మొదలుపెట్టి, వేడెక్కాక ఆముదం మీద నడుపుతున్నారు. నూనె తీశాక మిగిలే చెక్క మాత్రం విషం, తిన్న పశువు బతకడం కష్టం. అక్కడి గానుగ దొడ్లో ఆ చెక్క గుట్టగా పడి ఉందనీ, అది మేతకు పనికొచ్చే దారి ఉందేమో చూసి రమ్మనీ మా ప్రయోగశాల పెద్దాయన నన్ను పంపారు. నేను రసాయన శాస్త్రంలో పట్టా తీసుకొని అప్పటికి ఎనిమిది నెలలు. ఉడికిస్తే ఆ విషం విరుగుతుందని చదివాను. ఎప్పుడూ చేసి చూడలేదు.

ఉదయం 6.40కి కాచిగూడలో మూడో తరగతి పెట్టె ఎక్కాను. ఎదుటి బల్ల మీద కూర్చున్న గఫూర్ సాబ్ శంషాబాదు చుట్టుపక్కల జామ తోటలు కౌలుకు తీసుకుంటాడు. నా సామాను చూసి, "దావత్‌కు వంట చేస్తందుకు పోతున్నరా జనాబ్?" అన్నాడు.

"ఆముదపు చెక్క ఉడకబెట్టడానికి. పశువుల మేతకు పనికొస్తుందేమో చూస్తాం."

ఆయన నావైపు జరిగాడు. "మా జామచెట్టు మొదట్ల చెదలు పడితె గదే పోస్తం. చెదలు సుత పరార్. చెదలు ముట్టనిది మీరు బర్రెకు పెడ్తరా?"

7.50కి ఉందానగర్ స్టేషన్‌లో దిగాను. అక్కడి నుంచి జట్కా. 8.30కి గానుగ చేరాను. గానుగ నడిపేది రాజమ్మ. యాభై ఏళ్ళుంటాయి, భర్త పోయి చాలా కాలమైంది. దొడ్లో చెక్క గుట్ట నిలువెత్తున ఉంది. అడుగులు వేసి కొలిచి నూట ఇరవై బస్తాలని అంచనా వేశాను. నేను నోటు పుస్తకం తెరవకముందే ఆమె అసలు సంగతి చెప్పింది.

"చెక్క ముచ్చట ఎనక జూద్దాం సారూ. పొద్దుమీకి పటేల్ వచ్చి గానుగకు తాళమేస్తడు. నెల రోజులల్ల నా గానుగ దిప్పిన ఎడ్లు రెండు సచ్చినయ్. ఈ గుట్ట వదిలించుకునేటందుకు నువ్వుల చెక్కల ఇది కలుపుతున్ననంట."

"కలుపకపోతె ఎట్ల సచ్చినయ్?" అన్నాడు గోడ నీడన కూర్చున్న మనిషి. అతను యాదయ్య. చచ్చిన రెండో ఎద్దు అతనిదే. తాళం పడేదాకా కదలనని, మిగిలిన ఒక్క ఎద్దునూ తోలుకొచ్చి పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాడు.

ఆ తగాదా నాకు సంబంధం లేనిదనుకొని నా పని మొదలుపెట్టాను. శేరు చెక్కను గంటసేపు ఉడికించాను. సీసాలో స్పిరిట్ సగం అయిపోయింది. యాదయ్య దగ్గరకొచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు.

"ఉడికిందా సారూ?"

"ఉడికింది."

"అయితె ముందు మీరు తినుండ్రి. మీరు బతికితె మా ఎద్దు తింటది."

రాజమ్మ ఇంకో మాట అంది. "శేరుకే గింత అయితె, గా గుట్టంత ఉడకబెట్టనీకి కట్టెలు ఏ అడివిల కొట్టాలె?" రాసుకున్నాను.

12.30కి చపాతీలు తిన్నాను. రాజమ్మ చల్ల ఇచ్చింది. ఇదివరకు ఆముదం ఎంత ఆడేదని అడిగాను.

"ఆముదం గానుగల ఏడ పోసినం సారూ? మా అత్త కాలంల ఇంట్లనే వండుకుంటుండిరి. గింజలు ఏంచి, దంచి, కుండల మసలబెడితె నూనె మీదికి తేలుతుండె. పోయినేడు పిండిమరాయన వచ్చి డబ్బాలకు డబ్బాలు గావాలె అన్నడు. ఇగ గానుగల పోస్తున్న. నువ్వుల నడుమ పోసుడు గీ నెల సందే."

తింటున్నవాణ్ణి ఆగాను. కుండలో మసలిన గింజలో విషం మిగలదు. గానుగలో నలిగిన గింజలో అలాగే ఉంటుంది. ఇంతకాలం నువ్వులు తప్ప ఎరగని గానుగలోకి పోయినేడే ఈ పచ్చి విషం వచ్చింది.

ఏ రోజు ఏం ఆడిందో చెప్పమన్నాను. ఆమె గోడ చూపించింది. ఒక్కో వాయకు, అంటే ఒకసారి గానుగలో పోసి ఆడినదానికి, ఒక గుర్తు: ఆముదానికి బొగ్గు గీత, నువ్వులకు సున్నపు చుక్క. నోటు పుస్తకంలోకి ఎక్కించుకొని, ఎడ్లు చచ్చింది ఏ వాయల తర్వాతో అడిగాను. ఆమె వేలు పెట్టిన చుక్కలు రెండూ బొగ్గు గీత పక్కనే ఉన్నాయి. రెండూ ఆముదం దిగిన వెంటనే పోసిన మొదటి నువ్వుల వాయలు.

"ఆ వాయ చెక్క ఎవరు తీసుకుంటారు?"

"ఎవరు దీసుకుంటరు, ఎద్దుకే," అంది రాజమ్మ, ఇది కూడా తెలియదా అన్నట్టు. "నువ్వులు తెచ్చినోళ్ళే ఎద్దును గట్టి తిప్పుకుంటరు. మొదటి చెక్క తీసి తీయంగనె దాని నోటికిస్తం. అది ఎద్దు ముక్క. మా తాతల నాటి సంది గంతే."

"ఆముదం అయ్యాక గానుగ ఎలా శుభ్రం చేస్తారు?"

"గడ్డితోని తుడుస్త."

గానుగ రోట్లోకి చేయి పెట్టి, రోకలి తిరిగే అడుగున గరిటెతో గీకాను. నల్లటి మెరుపుతో ఆముదం పొట్టు, జిగట పిండి దోసెడు వచ్చాయి. గుడ్డ మీద పరిచి భూతద్దం యాదయ్యకిచ్చాను. అతను చాలాసేపు చూశాడు.

"నా చేతులతోనే పెట్టిన," అన్నాడు చివరికి. "ఆకలి మీదున్నది, ఇంకింత ముక్క ఇయ్యి అక్కా అని అడిగి మరీ పెట్టిన."

"నేను గూడ ఇచ్చిన గద తమ్మీ," అంది రాజమ్మ. అప్పటిదాకా వాళ్ళు ఒకరినొకరు ఏమని పిలుచుకునేవాళ్ళో నాకు తెలియలేదు.

తర్వాతి పని ముగ్గురం చేశాం. మసిలే నీళ్ళు నాలుగు కుండలు రోట్లో పోసి గీకి కడిగాం. వరి ఊక వేసి తిప్పి తీసేశాం. తిప్పడానికి ఎద్దు కావాలి. దొడ్లో ఉన్నది ఒక్కటే. యాదయ్య దాన్ని కాడికి కట్టి, మూతికి చిక్కం వేశాడు. వాయకు మామూలులో సగం నువ్వులు పోసి మూడు వాయలు తీశాం. ప్రతి వాయలోనూ అరచేతంత చెక్క విరిచి భూతద్దం కింద పొట్టు లెక్కపెట్టాను. మొదటి దాంట్లో పదకొండు ముక్కలు, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో ఏమీ లేవు. మొదటి రెండు వాయల చెక్కనూ ఆముదపు గుట్టలో కలిపేశాం.

సాయంత్రం ఆరింటికి ఊరి పెత్తనం చూసే పటేల్ తాళంతో వచ్చాడు. చెప్పిందంతా నిలబడి విన్నాడు. "కండ్లకు కనబడనిది ఉంటే?" అన్నాడు. మంచి ప్రశ్న. నా భూతద్దానికీ అది కనబడదు.

రాజమ్మ మూడో వాయ చెక్క విరిచి, బెల్లం ముక్కతో నోట్లో వేసుకొని నమిలింది. నావైపు చేయి చాచింది. నేనూ తిన్నాను. నువ్వుల చెక్క రుచిగానే ఉంటుంది, కాని ఆ రోజు నాకు రుచి తెలియలేదు. యాదయ్య ఎద్దుకు రావలసిన ముక్కను తువ్వాల కొసకు ముడివేసుకున్నాడు.

"రేపు పొద్దుగాల మీరిద్దరు లేస్తె పెడ్త," అన్నాడు.

"లేవకపోతె?" అంది రాజమ్మ.

"లేవకపోతె ఎట్లన్న తాళం వడ్తది గద."

పటేల్ నవ్వి తాళం జేబులో వేసుకున్నాడు. నేను తిరుగు రైలు వదులుకున్నాను. బస రాజమ్మ ఇంటి అరుగు మీద. బయటి నుంచి వచ్చేవారికి శంషాబాదులో ముసాఫిర్‌ఖానా అనే సత్రం ఉందట, నేను చూడలేదు.

పొద్దున 5.30కి కళ్ళు తెరిస్తే యాదయ్య నా మొహం మీదికి వంగి చూస్తున్నాడు. రాజమ్మ అప్పటికే వాకిలి చల్లుతోంది. అతను ముడి విప్పి, ఎద్దు మూతి దగ్గర చెక్క పట్టుకొని, ఇంకోసారి ఆమెను చూసి, నాలుక అందేంత దగ్గరగా పెట్టాడు. చెక్క తినేశాక ఎద్దు తువ్వాల కొస కూడా నమలబోయింది.

రైల్లో విన్న చెదల మాట గుర్తొచ్చి రాత్రే కబురు పెట్టాను, ఏడింటికి గఫూర్ సాబ్ బండి తోలుకొచ్చి పదహారు బస్తాలు ఎత్తించుకున్నాడు. జామ తోటకు వేసేవారు గుర్తుంచుకోవలసింది ఒకటే: జానెడు లోతు తవ్వి వేసి మట్టి కప్పాలి, లేకపోతే మేకలు నాకుతాయి. మిగతా గుట్టకూ అదే దారి చెప్పి వచ్చాను. ఉడికించిన శేరు చెక్క నా సంచుల్లోనే ఉంది. దాన్ని ఏ పశువుకూ పెట్టలేదు.

8.50కి ఉందానగర్‌లో రైలెక్కాను. విషపు చెక్కకు మందు గిన్నెలో ఉందనుకొని వెళ్ళాను. నేను చెప్పగలిగింది ఏ వాయ ఎవరికి దక్కాలో, అంతే. ఇప్పుడు ఆ ఊళ్ళో ఆముదం తర్వాత మొదటి చెక్క మట్టికి, రెండోది మట్టికి, మూడోది ఎద్దుకు. ఈ వరస పుస్తకాల్లో లేదు. గానుగలో ఆముదం ఆడించే ఊళ్ళ వాళ్ళు ఇది చదివితే ఈ ఒక్క ముక్క చాలు.

నేను జట్కా ఎక్కేసరికి రాజమ్మ గానుగ ముందు, ఆడించడానికి ఊరివాళ్ళు తెచ్చిన నువ్వుల మూటలు నాలుగు.