బాపు చూసిన ఒకే ఒక్క సినిమా

మా బాపు జన్మలో ఒక్కటే సినిమా చూశాడు. చూపించింది నేనే. నా పెండ్లయిన రెండో ఏడు, కరీంనగర్‌లో మేము కిరాయికుంటున్న ఇంటికి బాపు కందిపప్పు మూట భుజాన వేసుకొని వచ్చాడు. మా ఆయన పాఠాలు చెప్పడానికి బడికి పోయాడు. నేనూ బాపూ ఒకరి మొగం ఒకరు చూసుకుంటూ ఎంతసేపని కూర్చుంటాం? నాకు సినిమా పిచ్చి. మ్యాట్నీకి పోదాం పా అని వెంటపడ్డాను.

"పనిలేనోళ్లు జూస్తరు బిడ్డా గవి. తెల్లబట్ట మీద బొమ్మలు ఉర్కితే నాకేమొస్తది?" అన్నాడు. అన్నవాడే రుమాలు చుట్టుకొని నాకంటే ముందు వాకిట్లో నిలబడ్డాడు.

ఆట మొదలుకాగానే బాపు తెర వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, గోడకున్న చిన్న కంతలోంచి వస్తున్న వెలుగును నోరు తెరిచి చూశాడు. "గింత పొక్కలకెల్లి గంతమంది మనుషులు ఎట్ల వస్తుండ్రు బిడ్డా?" అని అడిగాడు. వెనకవాళ్ళు నవ్వారు. నాకు సిగ్గూ వేసింది, ముచ్చటా వేసింది. ఊరంతా భయపడే పటేలు నా పక్కన పసిపిల్లవాడిలా కూర్చున్నాడు.

కథ మరీ పెద్దదేం కాదు. ఒక మిల్లు గుమాస్తా ఉంటాడు. మిల్లు యజమానిని ఇంకెవడో చంపుతాడు. చంపినవాణ్ణి మనం చూస్తాం, కోర్టువాళ్ళు చూడరు. నేరం పోయి గుమాస్తా మీద పడుతుంది. బోనులో నిలబెట్టేసరికి అతనికి చేతులు వణికాయి, మొగం నిండా చెమటలు పట్టాయి, మాట తడబడింది. అసలు హంతకుడేమో సాక్ష్యం చెప్పడానికి వచ్చి, పెండ్లికి పిలవడానికి వచ్చినంత నింపాదిగా మాట్లాడి పోయాడు. తప్పు చేయనివాడికి చెమటలెందుకని వకీలు గద్దించాడు.

బాపు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "భయానికయ్యా! భయానికి పట్టినయి చెమటలు!" అని తెరకే చెప్పాడు.

కూర్చోమని నాలుగు దిక్కుల నుంచి అరిచారు. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. ఆ చెయ్యి చల్లగా ఉంది. అప్పుడు తట్టింది నాకు, బాపుకు మా జీతగాడు గుర్తొచ్చాడని.

నా పెండ్లికి ఏడాది ముందు, హుజూరాబాద్ పక్కన మా ఊళ్ళో, మా ఇంటికి వచ్చిన మేనత్త వెండి కడియాలు పోయాయి. ఆ రోజు ఇంట్లోకి వచ్చిపోయిన పనివాళ్ళు ఆరుగురు. మా వైపు దొంగను పట్టడానికి ఒక పద్ధతి ఉండేది. పోచమ్మ ముందు పెట్టిన బియ్యం తలా పిడికెడు ఇచ్చి, చావడి దగ్గర అందరూ చూస్తుండగా నమిలించి, మోదుగాకులో ఉమ్మమనేవారు. తప్పు లేనివాడి బియ్యం తడి ముద్దగా వస్తుందనీ, దొంగ నోట్లోంచి పొడి పిండి రాలుతుందనీ నమ్మకం. పటేలు గనుక నమిలించే పని బాపుదే.

మా బావి దగ్గర మోట కొట్టే జీతగాడి ఆకులో పిండి పడింది. "భయానికి నోరెండింది పటేలా. నేను తియ్యలే," అన్నాడు. జనం నవ్వారు. దాచడమెందుకు, నేనూ నవ్వాను. పోచమ్మ అబద్ధం చెబుతుందా అనుకున్నాను.

బాపు అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. "రేపటి సంది రాకు," అన్నాడు. అంతే, ఊళ్ళో మరెవరూ అతన్ని పనికి పిలవలేదు. అతని భార్య నాట్లకు వస్తే పక్కనున్న ఆడవాళ్ళు సద్దిమూటలు తమ దగ్గరికి లాక్కునేవారు. ఆర్నెల్లకు ఇద్దరూ ఆమె తల్లిగారి ఊరికి పోయారు. కడియాలు మాత్రం దొరకలేదు, ఇప్పటికీ దొరకలేదు.

సినిమాలో గుమాస్తా చివరికి బయటపడ్డాడు. హాలంతా చప్పట్లు. బాపు కదల్లేదు. బయట ఎండలోకి వచ్చాక అన్నాడు: "సంపినోన్ని మనం జూసినం గన్క సరిపాయె. జూడకపోతె గా గుమాస్తకే ఉరెయ్యుమందు బిడ్డా నేను."

"మన జీతగాడు తియ్యలేదని నీకెట్ల తెల్సు బాపు?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

"తెల్వది. తీసిండని గూడ తెల్వకపాయె గదా!"

మర్నాడు పొద్దున బస్సెక్కి జీతగాడి అత్తగారి ఊరికి పోయాం. బాపును చూడగానే జీతగాడి భార్య చేతిలో చాట కింద పెట్టేసింది. "మల్ల నమలాల్నా పటేలా?" అంది. ఆ మాటకు బాపు తల వంచాడు. నేను ఆయన తల వంచగా చూడడం అదే మొదలు.

"ఈపారి నీ పెనిమిటి వంతు గాదమ్మా. ఐతారం నాడు చావడికాడికి రాండ్రి. మనసుకొస్తెనే రాండ్రి," అన్నాడు. లోపలున్న జీతగాడు బయటికి రాలేదు.

ఆదివారం మాత్రం ఇద్దరూ వచ్చారు. జనానికి దూరంగా, వెళ్ళిపోవడానికి వీలున్న చోట నిలబడ్డారు. బాపు పిడికెడు బియ్యం తీసుకొని తన నోట్లో పోసుకున్నాడు. చావడి ముందు అందరూ చూస్తుండగా నమిలాడు. ఆ చప్పుడు నాకు వినబడింది. ఎన్నో ఏండ్లుగా అదే జనానికి తీర్పులు చెప్పిన మనిషి దవడలు వణుకుతూ కదిలాయి. ఆకులో ఉమ్మాడు. తెల్లటి పిండి రాలింది.

ఆకును అందరికీ కనబడేట్టు ఎత్తి పట్టాడు. "సూడుండ్రి. నేను గూడ దొంగనేనా? ఊరంత ఒక్క దిక్కు నిలవడి సూస్తె ఎవని నోరైన ఎండుతది. గాయన్ని దొంగను జేసింది నేను. తప్పు నాది."

ఒక పటేలు నోట తప్పు నాది అనే మాట మా ఊరు అంతకు ముందు వినలేదు. ఒక మనిషి తనంతట తాను అంత కిందికి దిగి అంత ఎత్తుకు పోగలడని నాకు అప్పటిదాకా తెలియదు. ఏడుపు వచ్చింది. చెంబుతో నీళ్ళు పట్టుకొని బాపు దగ్గరికి ఉరికాను.

జీతగాడు ముందుకు వచ్చాడు. బాపు కాళ్ళ మీద పడతాడని అందరం అనుకున్నాం. అతను నా చేతిలో చెంబును చూశాడు.

"నీ నోరెండితె నీల్లు పట్కొని ఉర్కచ్చెటోల్లు ఉన్నరు పటేలా. గానాడు నాకు ఒక్కలు గూడ ఇయ్యలే."

ఆనాడు నవ్విందీ నేనే, ఈనాడు చెంబు తెచ్చిందీ నేనే. దాన్ని ఎవరికి అందించాలో తోచలేదు. పెదవుల మీద పిండి అట్లాగే ఉండగా, బాపు కళ్ళతోనే అతని వైపు చూపించాడు. ఇచ్చాను. అతను తొందరపడలేదు. చెంబు ఎత్తి, ఊరందరి ముందు, ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు. ఖాళీ చెంబు నా చేతిలో పెట్టి, భార్యను పిలుచుకొని, ఊరి నడిబాటలో తలెత్తుకొని నడిచిపోయాడు.

ఇంకో చెంబు తేబోతే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు. వాళ్ళిద్దరూ పొలిమేర దాటేదాకా ఎండిన నోటితో అక్కడే నిలబడ్డాడు.