బాపు తీసుకున్న వివరణ

దయ్యాలున్నాయనే వాళ్ళతో కాలేజీ రోజుల నుంచీ తగువులాడుతున్నదాన్ని. అత్తగారు తాయెత్తు కట్టుకొమ్మంటే ముఖం మీదే కాదన్నాను. కాబట్టి ఇది చదివి నాకు ఉపదేశాలు చేయడానికి ఎవరూ బయల్దేరవద్దు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మా బాపు, అంటే మా నాన్న, అరవై ఏళ్ళు పత్రికలకు రాశాడు. పెద్దమనుషుల దొంగతనాలు బయటపెట్టడమే ఆయన పని. ఆయనకో నియమం ఉండేది. ఎవరి మీద రాస్తున్నాడో వాళ్ళ దగ్గరికి స్వయంగా వెళ్ళి, ఆరోపణ చదివి వినిపించి, వాళ్ళ మాట రాసుకున్నాకే వార్త పంపేవాడు. ఫోన్‌లో అడగడు. వాళ్ళ దగ్గర మంచినీళ్ళు కూడా ముట్టడు.

తొంభై ఒకటేళ్ళ వయసులో ఎల్లారెడ్డిలోని ఒక ప్రైవేటు డాక్టరు సంగతి ఆయన చెవిన పడింది. కడుపునొప్పని వచ్చిన బీడీ కార్మికురాళ్ళను క్యాన్సరని బెదిరించి గర్భసంచులు తీసేస్తున్నాడట. నలుగురు ఆడవాళ్ళు పేర్లతో సహా రాసుకొమ్మన్నారు. ఇక డాక్టరు వివరణే మిగిలింది. అంతలో కామారెడ్డిలో మా ఇంట్లోనే బాపు జారిపడ్డాడు. తుంటి విరిగింది.

"వాడేం చెప్తడో తెల్వదా బాపూ? పంపిచ్చేద్దాం."

"అడగకుండ రాస్తే వానికి నాకు ఫరక్ ఏంది బిడ్డా?"

"నువ్వు లేచేటాల్లకు ఇంకో పదిమందిని కోస్తడు. నేను పోయి అడుగుత."

"నువ్వు పోతే కొట్లాట అయితది, వివరణ రాదు. నేనే పోత."

వారం తిరగకుండానే స్పృహ తప్పింది. ఇక ఎన్నో రోజులు లేవన్నారు.

ఆ బుధవారం పొద్దున పదకొండింటికి కామారెడ్డి ఇంట్లోనే తడిగుడ్డతో ఆయన ఒళ్ళు తుడుస్తున్నాను. మూత్రం గొట్టం మార్చడానికి వచ్చిన నర్సు కూడా గదిలోనే ఉంది. మధ్యాహ్నం బాపు సెల్ మోగింది. ఎల్లారెడ్డి డాక్టరు.

"సార్ ఇంటికొచ్చిండా మేడం?"

"పండుకున్నడు," అన్నాను. అది అబద్ధం కాదు.

"పదకొండింటికి నా దగ్గరికొచ్చిండు గదా. కుర్చీ ఏస్తే కూసోలే, నీళ్ళిస్తే ముట్టలే. నా మీద చెప్పిన ఆ నలుగురి గురించి అడుగుతడనుకున్న, సాయవ్వ గురించి అడిగిండు. ఆగమాగమై మొత్తం చెప్పిన. ఆపరేషన్ టేబుల్ మీదనే సచ్చిపోయిందన్న మాట రాయొద్దని చెప్పుండ్రి."

మా కాగితాల్లో సాయవ్వ అన్న పేరే లేదు.

"బాపు చేతిరాత నాకు సమజ్ గాదు. సాయవ్వది ఏ ఊరు?" అని, బాపు నిజంగానే రాసుకొచ్చినట్టు అడిగాను.

నస్రుల్లాబాద్ అవతలి పల్లె పేరు చెప్పాడు.

మర్నాడే బాపు పోయాడు. కళ్ళు తెరవనే లేదు. దినాలయ్యాక నేను ఆ పల్లెకు వెళ్ళాను. సాయవ్వ భర్త గడపలో కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తున్నాడు.

"కోస్తుండగనే పానం పోయింది. గుండె ఆగిందని రాసి నాతోని ఏలిముద్ర ఏయించుకున్నరు. ఎవ్వరడిగిండ్రమ్మా మమ్ముల? ఎవ్వరికి చెప్పలే."

భయంతో డాక్టరు భ్రమపడ్డాడనుకుందాం. ఆ డాక్టరు ఆస్పత్రిలోని కాంపౌండరు బాపును ఇరవై ఏళ్ళుగా ఎరుగును. ఆ బుధవారం ఆయన గుమ్మం బయట చెప్పులు విడవడం చూశానని అతనూ అన్నాడు. ఇద్దరికీ ఒకేసారి భ్రమా? పోనీ, బాపులాంటి ఇంకో ముసలాయన వెళ్ళాడా? వెళితే, మాకే తెలియని పేరు అతనికెలా తెలిసింది?

సాయవ్వ చావు, డాక్టరు వివరణ, అన్నీ అచ్చయ్యాయి. డాక్టరు ఖండించలేదు. ఆస్పత్రికి తాళం పడింది.

అచ్చుకు ముందు, వివరణ ఎవరు తీసుకున్నారని పత్రికవాళ్ళు అడిగారు. బాపు పేరే చెప్పాను. బుధవారం, పదకొండు గంటలు అని రాయించాను. రాయించింది నిజమో అబద్ధమో ఈరోజుకీ తేల్చుకోలేకపోతున్నాను.